డబుల్‌కార్టిన్ యాంటీబాడీ ఏది కొనాలి, స్లైడంతా గోధుమ రంగే ఎందుకు వస్తోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: భీమవరం దగ్గర ఫార్మసీ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్నారు. విస్టార్ ఎలుకలకి 28 రోజులు సరస్వతి ఆకు సారం నోటి ద్వారా పట్టించారు. మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్‌లో కొత్త న్యూరాన్లు (నాడీకణాలు) పెరిగాయో లేదో తేల్చడానికి డబుల్‌కార్టిన్ అనే ప్రోటీన్‌కి రంగు పట్టించే స్టెయినింగ్ చేయమని మీ గైడుగారు చెప్పారు. వేరే ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్న కొద్దిపాటి యాంటీబాడీతో (ఆ ప్రోటీన్‌నే వెతికి పట్టుకునే అణువుతో) చేస్తే స్లైడంతా గోధుమ రంగు వచ్చింది గానీ కణాలు విడిగా కనపడలేదు. ఇప్పుడు ఒకే ఒక్క యాంటీబాడీకి డబ్బు మంజూరైంది, ఏ కంపెనీది కొనాలి అన్నది ప్రశ్న.

సూటిగా చెప్తాను. కుందేలులో తయారైనది, ఎలుక మెదడు సెక్షన్ల మీద పనిచేసినట్టు కంపెనీ ఫొటోతో సహా చూపించినది కొనండి. సెల్ సిగ్నలింగ్ వాళ్ళ 4604, యాబ్‌క్యామ్ వాళ్ళ ఏబీ18723, ఈ రెండూ కుందేలు పాలీక్లోనల్సే (ఒకే ప్రోటీన్‌ని పట్టుకునే రకరకాల యాంటీబాడీల మిశ్రమాలు), ఎలుక మెదడు మీద చాలామంది వాడినవే. రెండింటిలో ఏది ముందు దొరికితే అది తీసుకోవచ్చు. కానీ ఆర్డర్ పెట్టే ముందు ఇంకో పని ఉంది, అది డబ్బు ఖర్చు లేని పని. మీ యానిమల్ హౌస్‌లో బ్రీడింగ్ ఉంటే, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, పుట్టి వారం దాటని ఎలుక పిల్ల మెదడు ఒకటి సంపాదించండి. మీ దగ్గరున్న పాత యాంటీబాడీనే దాని మీద వేసి చూడండి. ఆ పిల్ల మెదడులో కూడా సరైన ఆకారం రాలేదంటే లోపం మీ ప్రోటోకాల్‌లోనైనా ఉంది, ఆ యాంటీబాడీలోనైనా ఉంది. అది తేలకుండా కొత్తది కొంటే, కొత్తదానితో కూడా ఇదే గోధుమ రంగు రావడానికి చాలా అవకాశం ఉంది.

నేను చాలా ఏళ్ళు హైదరాబాదులో ఒక న్యూరోసైన్స్ ల్యాబ్‌లో టిష్యూ పని చూశాను. ఇప్పుడు కాకినాడలో ఉంటూ ఉభయగోదావరి జిల్లాల కాలేజీల పిల్లలు తెచ్చే స్లైడ్లు చూసి పెడుతుంటాను. నా దగ్గరికి వచ్చిన "యాంటీబాడీ పనిచేయలేదండీ" కేసుల్లో ఎక్కువ శాతం యాంటీబాడీ తప్పు కాదు. ఫిక్సేషన్ (కణజాలం చెడకుండా ఫార్మలిన్ లాంటివాటితో గట్టిపరచడం), బ్లాకింగ్ (యాంటీబాడీ అనవసరమైన చోట అంటుకోకుండా ముందే సీరంతో కప్పడం), పోల్చి చూసే కంట్రోల్ స్లైడ్ లేకపోవడం, ఈ మూడింటి దగ్గరే తేలుతుంటాయి.

ముందు ఈ ప్రోటీన్ సంగతి కొంచెం తెలియాలి, ఎందుకంటే స్లైడ్ చూసినప్పుడు నిజమైన స్టెయిన్ ఏదో, అబద్ధపు స్టెయిన్ ఏదో చెప్పేది అదే. డబుల్‌కార్టిన్ మైక్రోట్యూబ్యూల్స్‌ని పట్టుకుని ఉండే ప్రోటీన్. పుట్టిన చోటు నుంచి కదిలి వెళ్ళే లేత న్యూరాన్లకీ, కొమ్మలు వేసే న్యూరాన్లకీ అది కావాలి. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, 1998లో రెండు బృందాలు విడివిడిగా గుర్తించాయి. అది దెబ్బతింటే మగపిల్లల్లో మెదడు ముడతలు పడకుండా నునుపుగా ఉండిపోతుంది, ఆడపిల్లల్లో కార్టెక్స్ కింద ఇంకో పొరలాగా న్యూరాన్లు ఆగిపోతాయి. పిండంలోనూ పుట్టిన కొత్తలోనూ మెదడంతా ఇది విపరీతంగా ఉంటుంది. పెద్ద ఎలుకలో మాత్రం కొన్ని చోట్లే మిగులుతుంది: హిప్పోకాంపస్‌లో భాగమైన డెంటేట్ జైరస్ లోపలి అంచు, పక్క వెంట్రికల్ గోడ, అక్కడి నుంచి ముందుకి ఘ్రాణ బల్బు దాకా పోయే దారి, ఇంకా పిరిఫార్మ్ కార్టెక్స్ రెండో పొర.

మైక్రోట్యూబ్యూల్స్ ఉండేది సైటోప్లాజంలో. కాబట్టి నిజమైన డబుల్‌కార్టిన్ స్టెయిన్ కణం ఒంట్లోనూ కొమ్మల్లోనూ ఉంటుంది, న్యూక్లియస్ ఖాళీగా కనపడాలి. డెంటేట్ జైరస్‌లో గ్రాన్యూల్ కణాల పొర కింది అంచున చిన్న చిన్న కణాలు, కొన్ని ఒంటరిగా, కొన్ని గుంపులుగా కనపడతాయి. వాటిలో కొంచెం ముదిరినవాటి నుంచి ఒక కొమ్మ గ్రాన్యూల్ పొరని అడ్డంగా దాటి పైన మాలిక్యులర్ పొరలోకి వెళ్ళి చీలుతుంది. మరీ లేతవాటికి పొట్టి కొమ్మలు అంచు వెంబడి పడుకుని ఉంటాయి. ఒక్కసారి మంచి స్లైడ్ చూస్తే ఇక మర్చిపోలేరు, వరి నారుమడిలో మొలకలు లేచినట్టే ఉంటుంది.

ఇలా కాకుండా హిప్పోకాంపస్‌లోనే ఇంకో ప్రాంతమైన సీఏ1లో ఉన్న పిరమిడల్ కణాలన్నీ, గ్రాన్యూల్ పొరంతా ఏకంగా రంగు పట్టిందంటే అది డబుల్‌కార్టిన్ కాదు. పెద్ద ఎలుక సీఏ1లో ఇంత ఉండదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒక కాలేజీ నుంచి వచ్చిన థీసిస్‌లో సీఏ1, సీఏ3 న్యూక్లియస్‌లు ముదురు గోధుమ రంగులో ఉన్న ఫొటోలు వేసి, ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో రంగు తీవ్రత కొలిచి, మందు ఇచ్చిన గుంపులో డబుల్‌కార్టిన్ ఇంత పెరిగిందని గ్రాఫ్ గీశారు. లెక్కలన్నీ సక్రమంగా ఉన్నాయి, గణాంకాలూ బాగానే ఉన్నాయి, కొలిచింది మాత్రం బ్యాక్‌గ్రౌండ్‌ని. ఆ అమ్మాయి ఎంతో కష్టపడి చేసిన పని అది. స్లైడ్ ఎలా ఉండాలో ముందే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించి ఉంటే ఆ కష్టం వృథా అయ్యేది కాదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇప్పుడు మీ గోధుమ రంగు సంగతి. అరువు తెచ్చిన ఆ ట్యూబు మీద ఏ జంతువులో తయారైందని రాసుందో చూడండి. మేక అయితే నాకు సగం జవాబు దొరికినట్టే. ఒకప్పుడు ఈ రంగంలో అందరూ వాడింది సాంటాక్రజ్ వాళ్ళ మేక పాలీక్లోనల్, సీ-18 అనేవాళ్ళు, కేటలాగ్‌లో ఎస్‌సి-8066. పాత పేపర్లు చాలా దాంతోనే ఉంటాయి. ఆ కంపెనీ అమెరికా వ్యవసాయ శాఖతో 2016లో చేసుకున్న ఒప్పందం తర్వాత మేక, కుందేలు యాంటీబాడీల తయారీ ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఎవరి ఫ్రీజర్లోనైనా అది ఉందంటే పాత సరుకే. పాత పేపర్ ప్రోటోకాల్ యథాతథంగా పెట్టుకుని అదే కొందామని చూస్తే దొరకదు. అదే కంపెనీ ఇప్పుడు అమ్మే ఈ-6 అనేది చిట్టెలుక (మౌస్) మోనోక్లోనల్, అంటే ఒకే రకం యాంటీబాడీ, దాని తీరు వేరు, డైల్యూషన్ మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి.

ప్రైమరీ అంటే డబుల్‌కార్టిన్‌ని పట్టుకునే యాంటీబాడీ, సెకండరీ అంటే ఆ ప్రైమరీని పట్టుకుని రంగు తెప్పించే రెండో యాంటీబాడీ. మేక ప్రైమరీతో వచ్చే చిక్కు ఏమిటంటే, దానికి వాడే సెకండరీ మేక ఐజీజీని (మేక రక్తంలోని యాంటీబాడీ ప్రోటీన్‌ని) పట్టుకుంటుంది. మన కాలేజీల్లో బ్లాకింగ్‌కి మేక సీరం అలవాటు. మేక సీరంతో బ్లాక్ చేసి, మేకని పట్టుకునే సెకండరీ వేస్తే బ్లాకింగే స్టెయిన్ అయిపోతుంది, స్లైడంతా గోధుమ రంగు. ఇది చాలామందికి తెలుసు. తెలియంది ఇంకోటి ఉంది: మేకకీ ఆవుకీ ఐజీజీ బాగా దగ్గర పోలిక. కాబట్టి ఆవు సీరం ఆల్బుమిన్‌లో మిగిలిన కాస్త ఐజీజీనీ, పాలపొడిలో ఉన్నదాన్నీ కూడా ఆ సెకండరీ పట్టుకోవచ్చు. మేక ప్రైమరీ తప్పనిసరైతే గాడిద సీరంతో బ్లాక్ చేసి, గాడిదలో తయారైన సెకండరీ వాడాలి. ఆ సీరం మన వైపు చటుక్కున దొరకదు, తెప్పించుకోవాలి. అందుకే ఒకే యాంటీబాడీకి డబ్బున్నవాళ్ళకి కుందేలుది అంటాను: మేక సీరం బ్లాకింగ్, మేకలో తయారైన కుందేలు వ్యతిరేక సెకండరీ, రెండూ ఏ ల్యాబ్‌లోనైనా ఉండేవే.

చిట్టెలుక మోనోక్లోనల్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. చిట్టెలుక ఐజీజీకీ ఎలుక ఐజీజీకీ చాలా పోలిక, మామూలు సెకండరీ మీ ఎలుక మెదడులో సొంతంగా ఉన్న ఐజీజీని కూడా పట్టుకుంటుంది, రక్తనాళాల చుట్టూ రంగు వస్తుంది. ఎలుక ఐజీజీని పట్టుకునే భాగం ముందే తీసేసిన (అడ్సార్బ్ చేసిన) సెకండరీ కొంటే సర్దుకుంటుంది గానీ అది ఇంకో ఖర్చు. రేపెప్పుడైనా ఇంకో మార్కర్‌తో కలిపి రెండు రంగుల ఫ్లోరసెన్స్ చేయాలనుకుంటే మాత్రం మిల్లిపోర్ వాళ్ళ గినీపిగ్ యాంటీబాడీ, ఏబీ2253, చాలా మంచిది, నా చేతుల్లో కొమ్మలు చివరిదాకా కనపడేది దాంతోనే. అయితే గినీపిగ్ సెకండరీ కూడా కొనాలి, అది మర్చిపోయి ప్రైమరీ ఒక్కటే తెప్పించుకుని కూర్చున్నవాళ్ళని చూశాను.

గోధుమ రంగుకి ఇంకా కారణాలున్నాయి. ఎలుకని పర్ఫ్యూజ్ చేయకుండా (గుండె ద్వారా ద్రవం పంపి రక్తం కడిగేయకుండా) మెదడు తీస్తే రక్తనాళాల నిండా ఎర్ర రక్తకణాలుంటాయి, వాటి పెరాక్సిడేజ్ గుణం వల్ల గోధుమ రంగునిచ్చే డీఏబీ అనే రసాయనం అక్కడంతా రంగిస్తుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పది నిమిషాలు ఉంచితే చాలావరకు పోతుంది, ఆ సీసా పాతబడి పస పోయి ఉంటే పోదు. వేసవిలో ఫ్యాన్ కింద పని చేస్తే స్లైడ్ అంచులు ఆరిపోతాయి, ఆరిన చోటల్లా యాంటీబాడీ అంటుకుపోతుంది. గోధుమ రంగు అంచుల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ ఉందంటే ఇదే. మూత ఉన్న డబ్బాలో తడి కాగితం పరిచి దాంట్లో స్లైడ్లు పెట్టండి. బఫర్‌కి బోరు నీళ్ళు వద్దు. సముద్రం వైపు మన బోర్లలో ఉప్పు ఎంతుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి. ఇంకోటి, యాంటీబాడీ చెడిపోకుండా సోడియం అజైడ్ వేసిన బఫర్‌తో చివర కడిగితే డీఏబీకి రంగు తెప్పించే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ మూగపోతుంది. అప్పుడు సమస్య తిరగబడుతుంది, ఏ రంగూ రాదు.

ప్రైమరీ వేయని స్లైడ్ ఒకటి ప్రతి బ్యాచ్‌లో ఉండాలి. అది కూడా గోధుమ రంగులోకి తిరిగిందంటే తప్పు సెకండరీ వైపు, బ్లాకింగ్ వైపు ఉన్నట్టు. ప్రైమరీతోనే కొత్తగా వస్తోందంటే డైల్యూషన్ పెంచండి. అదే మెదడు సెరెబెల్లం ముక్క కూడా పక్కన పెట్టండి, పెద్ద ఎలుక సెరెబెల్లంలో డబుల్‌కార్టిన్ రాకూడదు, వచ్చిందంటే అనుమానించాలి.

పాజిటివ్ కంట్రోల్‌కి, అంటే స్టెయిన్ తప్పక రావాల్సిన నమూనాకి, పిల్ల మెదడు ఎందుకన్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అందులో ప్రోటీన్ పుష్కలం. అయితే దాంతో పాటు మీ సొంత ఎలుక మెదడులోనే ఇంకో కంట్రోల్ ఉంది, చాలామంది దాన్ని కోసి పారేస్తారు. హిప్పోకాంపస్ కోసం వెనక భాగమే ఉంచుకుని ముందు భాగం వదిలేయకండి. పక్క వెంట్రికల్ గోడా, ఘ్రాణ బల్బుకి వెళ్ళే దారీ ముందు భాగంలోనే ఉంటాయి. ఎలుక ముసలిదైనా అక్కడ డబుల్‌కార్టిన్ కణాలు బారులు తీరి కనపడతాయి. ఒకసారి ఒక కుర్రాడు ఏడాది దాటిన ఎలుకలతో చేసి, డెంటేట్‌లో ఏమీ లేదు, యాంటీబాడీ దొంగ సరుకు అని కంపెనీకి మెయిల్ పెట్టబోయాడు. ముందు భాగం సెక్షన్ వేయించి చూస్తే దారి మొత్తం వెలిగిపోయింది. యాంటీబాడీ నిక్షేపంలా ఉంది, ఆ వయసు డెంటేట్‌లోనే కణాలు తగ్గిపోయాయి. వయసుతో ఈ కణాలు ఎంత బాగా తగ్గుతాయంటే, రెండు నెలల ఎలుకనీ ఏడాది ఎలుకనీ పక్కపక్కన పెట్టి పోల్చడానికే లేదు. మీ గుంపులన్నీ ఒకే వయసువేనా? అది ముందు చూసుకోండి.

ఇక ఫిక్సేషన్. నా దృష్టిలో అసలు కథంతా ఇక్కడే ఉంది. మన దగ్గర ఎక్కువగా జరిగేది: మెదడు తీసి పది శాతం ఫార్మలిన్ సీసాలో వేస్తారు, పారాఫిన్ బ్లాకులు చేసే ల్యాబ్‌కి పంపడానికి నాలుగు గుంపుల మెదళ్ళూ పోగయ్యేదాకా ఆ సీసాలు బల్ల మీదే ఉంటాయి. కణజాలం చూడ్డానికి మామూలుగా చేసే హెచ్ అండ్ ఈ స్టెయిన్‌కి ఫర్వాలేదు. డబుల్‌కార్టిన్‌కి ఫర్వా ఉంది. ఫార్మలిన్ ప్రోటీన్లని ఒకదానికొకటి ముడివేస్తూనే పోతుంది, యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటు మూసుకుపోతుంది. ఇది ఎలుకల దగ్గర ఆగలేదు, మనుషుల మెదడు మీద పెద్ద వాదమే నడిచింది. 2018లో ఆర్టురో ఆల్వారెజ్-బుయ్యా బృందం పెద్దవాళ్ళ హిప్పోకాంపస్‌లో లేత న్యూరాన్లు మాకు కనపడలేదని ప్రకటించింది. మరుసటి ఏడాదే మరియా లొరెన్స్-మార్టిన్ బృందం, చనిపోయాక త్వరగా సేకరించి తక్కువ గంటలు ఫిక్స్ చేసిన మెదళ్ళలో ఎనభైల్లో ఉన్నవాళ్ళకి కూడా డబుల్‌కార్టిన్ కణాలు వేలల్లో ఉన్నాయని చూపించింది. ఒకే మెదడు ముక్కని ఎక్కువ గంటలు ఫిక్సేటివ్‌లో ఉంచితే ఆ సిగ్నల్ ఎలా మాయమవుతుందో కూడా చూపించారు. మనుషుల విషయంలో వాదం ఇంకా నడుస్తూనే ఉంది గానీ, ఫిక్సేషన్ పాఠం మనకి చాలు.

కాబట్టి తర్వాతి బ్యాచ్ ఎలుకలకైనా ఇలా చేయండి: మత్తులో ఉండగా గుండె ద్వారా ముందు చల్లటి సెలైన్, తర్వాత 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ పీహెచ్ 7.4లో పంపాలి. మెదడు తీసి అదే ద్రవంలో 4 డిగ్రీల దగ్గర ఒక రాత్రి. మర్నాడు 30 శాతం సుక్రోజ్‌లోకి మార్చి, మునిగేదాకా ఆగాలి. ఐస్ గురించి మన భీమవరంలో ఆలోచించే పనే లేదు, రొయ్యల పుణ్యమా అని ఏ వేళకైనా దొరుకుతుంది. గడ్డకట్టించిన మెదడుని కోసే క్రయోస్టాట్ అందుబాటులో ఉంటే 30, 40 మైక్రాన్ల సెక్షన్లు కోసి, బావుల ప్లేటులో తేలుతూ ఉండగానే స్టెయిన్ చేస్తే కొమ్మలు పూర్తిగా కనపడతాయి. పారాఫిన్‌లో 5 మైక్రాన్ల ముక్కలో కొమ్మ తెగిపోయి చుక్కలుగా కనపడుతుంది, అది సహజం, దానికి భయపడకండి.

ఇప్పటికే ఉన్న బ్లాకులు పారేయక్కర్లేదు. యాంటిజెన్ రిట్రీవల్, అంటే మూసుకుపోయిన చోటుని వేడితో మళ్ళీ తెరవడం, బాగా చేయాలి: 10 మిల్లీమోలార్ సిట్రేట్, పీహెచ్ 6, 95 డిగ్రీల పైన ఇరవై నిమిషాలు, ఆ ద్రవంలోనే మెల్లగా చల్లారనివ్వాలి. దాంతో రాకపోతే ట్రిస్-ఈడీటీఏ పీహెచ్ 9తో ప్రయత్నించండి, ఫార్మలిన్‌లో ఎక్కువ కాలం ఉన్నవాటికి అది కొన్నిసార్లు బాగా పనిచేస్తుంది. అయితే ఒక షరతు ఉంది. కంట్రోల్ గుంపు మెదళ్ళు రెండు రోజులు, మందు గుంపు మెదళ్ళు రెండు నెలలు ఫార్మలిన్‌లో ఉంటే వాటిని పోల్చకూడదు. రిట్రీవల్ ఆ తేడాని చెరపలేదు, మీకు వచ్చేది మందు ఫలితమో ఫార్మలిన్ ఫలితమో చెప్పలేం. మీ రికార్డు పుస్తకంలో తేదీలు చూసి చెప్పండి.

డబ్బు లెక్క ఒకసారి చూద్దాం. 100 మైక్రోలీటర్ల ట్యూబు 1:500లో కలిపితే 50 మిల్లీలీటర్లు అవుతుంది. స్లైడుకి 150 మైక్రోలీటర్లు వేసుకున్నా మూడు వందల పైచిలుకు స్లైడ్లు. అంటే మీ పనికి ఒక్క ట్యూబు ధారాళంగా సరిపోతుంది, 1:200 కావాల్సి వచ్చినా నూట ముప్పై దాకా వస్తాయి. కాబట్టి మొదటే మీ అసలు స్లైడ్ల మీద పోయకండి, పిల్ల మెదడు మీద 1:200, 1:500, 1:1000 వేసి చూడండి. కంపెనీ కాగితం మీద రాసిన డైల్యూషన్ వాళ్ళ టిష్యూకి, వాళ్ళ డిటెక్షన్‌కి. మీది మీరే తేల్చుకోవాలి. ప్రైమరీని 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి, మందపాటి తేలే సెక్షన్లయితే రెండు రాత్రులు ఉంచినా మంచిదే.

ఫ్లోరసెన్స్ చేయాలా డీఏబీ చేయాలా అంటే, కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు కోసం హైదరాబాదో విశాఖపట్నమో పరిగెత్తాల్సిన పరిస్థితుల్లో డీఏబీయే నయం. మామూలు మైక్రోస్కోపు చాలు, స్లైడ్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది, పరీక్షకులు అడిగితే తీసి చూపించవచ్చు. డీఏబీకి క్యాన్సర్ కలిగించే గుణం ఉందన్న అనుమానం ఉంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. వాడేసిన ద్రవాన్ని దయచేసి సింకులో పోయకండి. మన ఊళ్ళలో సింకు నీళ్ళు పోయేది పక్క కాలవలోకే, ఆ కాలవ నీళ్ళు చేలకీ చెరువులకీ పోతాయి. విడిగా సీసాలో పట్టి కెమికల్ వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళకి ఇవ్వండి.

సరుకు రావడం, దాచడం గురించి రెండు మాటలు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు నుంచి పార్శిల్ వస్తే దారిలో జెల్ ప్యాక్‌లు నీళ్ళయిపోయి ఉంటాయి. డీలరుతో మాట్లాడి సోమవారం బయల్దేరేలా చూసుకోండి, శనివారం చేరితే ఆదివారమంతా కొరియర్ ఆఫీసులో ఉండిపోతుంది. వచ్చిన రోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి పది మైక్రోలీటర్ల చొప్పున పంచి −20లో పెట్టండి, మళ్ళీ మళ్ళీ కరిగించి గడ్డకట్టిస్తే చచ్చిపోతుంది. గ్లిసరాల్ సగం ఉన్న బఫర్‌లో వచ్చిందైతే −20లో గడ్డకట్టదు, దాన్ని పంచకపోయినా ఫర్వాలేదు, కాగితం చదివి చేయండి. తనంతట తాను మంచు కరిగించుకునే ఇంటి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఫ్రీజర్లో ఖాళీ ఉన్న చోటల్లా నీళ్ళ సీసాలు ముందే గడ్డకట్టించి పెట్టుకుంటే కరెంటు పోయినా చాలాసేపు కాపాడతాయి. రొయ్యల థర్మోకోల్ పెట్టె ఒకటి శుభ్రం చేసి ల్యాబ్‌లో ఉంచుకోండి, జనరేటర్ ఉన్న చోటికి మోసుకెళ్ళడానికి దానికి మించింది లేదు.

స్టెయిన్ బాగా వచ్చాక అసలు ప్రశ్న మొదలవుతుంది: దీన్నిబట్టి ఏం చెప్పొచ్చు? డబుల్‌కార్టిన్ ఒక దశని చూపిస్తుంది, పుట్టుకని చూపించదు. ఎలుకలో ఒక కొత్త న్యూరాన్ పుట్టిన కొద్ది రోజులకి ఈ ప్రోటీన్ మొదలై సుమారు రెండు మూడు వారాలు ఉంటుంది, ఆ తర్వాత తగ్గిపోయి ముదిరిన న్యూరాన్లని గుర్తించే న్యూఎన్ లాంటి మార్కర్లు వస్తాయి. చిట్టెలుకలో ఇంకాస్త నెమ్మది. మీరు 28 రోజులు మందిచ్చారు కాబట్టి చివరి రోజు కనపడే డబుల్‌కార్టిన్ కణాలు దాదాపు అన్నీ మందు ఇస్తుండగా పుట్టినవే, ఆ విషయంలో మీ డిజైన్ బాగుంది. వారం రోజులే ఇచ్చి ఉంటే మందుకి ముందు పుట్టినవి కూడా లెక్కలో కలిసేవి. కానీ కణాలు పెరిగాయంటే మూడు అర్థాలున్నాయి: ఎక్కువ పుట్టాయా, తక్కువ చచ్చిపోయాయా, లేక ముదరడం ఆలస్యమై లేత దశలోనే ఎక్కువ రోజులు ఉండిపోయాయా? మూడోది మంచి వార్త కాకపోవచ్చు కూడా. అందుకని అదే బ్లాకుల మీద, విభజన చెందే కణాల్లో ఉండే కేఐ-67 ప్రోటీన్‌కి స్టెయిన్ చేస్తే విభజన సంగతి తెలుస్తుంది. ముందే ప్లాన్ చేసుకుంటే, కొత్తగా పుట్టే కణాల డీఎన్‌ఏలో గుర్తుగా చేరే బీఆర్‌డీయూ ఇచ్చి, కొన్ని వారాల తర్వాత న్యూఎన్‌తో కలిపి చూస్తే చివరికి ఎన్ని బతికి న్యూరాన్లయ్యాయో తెలుస్తుంది. మీకు ఒక్క యాంటీబాడీకే డబ్బుంటే థీసిస్‌లో "లేత న్యూరాన్ల సంఖ్య పెరిగింది" అని రాయండి, "న్యూరోజెనెసిస్ పెరిగింది" (అంటే న్యూరాన్ల పుట్టుక పెరిగింది) అని రాయకండి. పరీక్షకుడు పట్టుకునేది అక్కడే.

ఒత్తిడి హార్మోన్లు ఈ కణాల పుట్టుకని తగ్గిస్తాయి. రోజూ గొట్టంతో నోట్లో మందు పోయడం ఎలుకకి ఒత్తిడే, కాబట్టి కంట్రోల్ గుంపుకి కూడా ఖాళీ ద్రవం అలాగే పోసి ఉండాలి. ఒక గుంపు జనవరిలో, ఇంకో గుంపు ఏసీ పనిచేయని మే నెలలో చేస్తే ఆ పోలిక చెల్లదు.

లెక్కపెట్టడం: అందంగా వచ్చిన సెక్షన్ ఏరుకుని లెక్కపెట్టొద్దు. డెంటేట్ జైరస్ మొదలు నుంచి చివరిదాకా ప్రతి ఆరో సెక్షనో ప్రతి పన్నెండో సెక్షనో తీసుకుని, అందులో అన్ని కణాలూ లెక్కపెట్టి, ఆ అంకెతో హెచ్చించాలి. డెంటేట్‌లో ముందు పై భాగం నేర్చుకోవడానికి ఎక్కువ సంబంధం, వెనక కింది భాగం ఆందోళనకి ఎక్కువ సంబంధం, కాబట్టి రెండూ విడిగా రాస్తే ఇంకా మంచిది. పారాఫిన్ అయితే అట్లాసు చూసుకుని అన్ని ఎలుకల్లోనూ ఒకే స్థాయి సెక్షన్లు ఎంచుకోండి, గ్రాన్యూల్ పొర పొడవుకి ఇన్ని కణాలు అని చెప్పండి. లేబుళ్ళు కప్పేసి, ఏ గుంపో తెలియని స్నేహితుడితో లెక్కపెట్టించండి. గణాంకాల్లో ఎన్ అంటే ఎలుకల సంఖ్య, సెక్షన్ల సంఖ్య కాదు. ఆరు ఎలుకల నుంచి అరవై ఫొటోలు తీసి ఎన్ అరవై అని వేసినవి ఇప్పటికీ వస్తున్నాయి, చూస్తే బాధేస్తుంది. రంగు తీవ్రత కొలిచే పద్ధతి డబుల్‌కార్టిన్‌కి సరిపోదు, డీఏబీ తీవ్రత ప్రోటీన్ పరిమాణంతో నేరుగా పెరగదు.

కణజాలం రుబ్బి ప్రోటీన్లని బరువు ప్రకారం విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్ చేస్తే తేలిక కదా అని మీ గైడుగారు అనొచ్చు. బ్యాండు 40, 45 కిలోడాల్టన్ల మధ్య రావాలి, పిల్ల మెదడు రుబ్బిన ద్రవం (లైసేట్) పక్కన పెడితే గట్టిగా కనపడుతుంది. పెద్ద ఎలుక హిప్పోకాంపస్ మొత్తం రుబ్బితే అందులో ఈ కణాల వాటా చాలా తక్కువ కాబట్టి బ్యాండు సన్నగా వస్తుంది, తేడాలు కొలవడం కష్టం. పైగా దీనికి దగ్గర బంధువైన డబుల్‌కార్టిన్ లైక్ కైనేజ్-1 అనే ప్రోటీన్ ఉంది, దాని పొట్టి రూపం బరువు కూడా ఇంచుమించు ఇంతే. యాంటీబాడీ ప్రోటీన్‌లో ఏ ముక్కకి తయారైందో అడగండి. రెంటికీ ఉమ్మడిగా ఉన్న ముక్కకైతే రెండూ రావచ్చు.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఎలుక మెదడు సెక్షన్ ఫొటో ఉందా, ఏ ముక్కకి తయారు చేశారు, ఈ జన్యువు తీసేసిన (నాకౌట్) జంతువులో పరీక్షించారా, ప్రస్తుతం ఏ లాట్ (తయారీ బ్యాచ్) నడుస్తోంది, ఈ నాలుగూ డీలరుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి. పాలీక్లోనల్‌లో లాటు మారితే తీరు మారుతుంది కాబట్టి మీ ప్రయోగమంతా ఒకే లాటుతో ముగించాలి, రెండు ట్యూబులు కావాల్సి వస్తే రెండూ ఒకేసారి కొనండి. ఈలోగా పిల్ల మెదడు మీద పాత యాంటీబాడీ వేసి, ప్రైమరీ లేని స్లైడుతో పాటు 10ఎక్స్, 40ఎక్స్ ఫొటోలు ఇక్కడే పెట్టండి. ట్యూబు మీద రాసిన జంతువు పేరూ, మీ బ్లాకింగ్‌లో ఏం వాడారో, మెదళ్ళు ఫార్మలిన్‌లో ఎన్నాళ్ళున్నాయో కూడా రాయండి. చూసి చెప్తాను.